చ్వాన్‌జౌ రేవు ఎందుకు పడిపోయింది: ఒండ్రు మేటా, పాలకుల నిర్ణయాలా?

కోస్తా_కుర్రాడు:
దక్షిణ చైనా రేవులనగానే హాంకాంగ్, షెంజెన్, గ్వాంగ్‌జౌ, ఈ మూడు పేర్లే వినిపిస్తాయి. ఫూజియన్ ప్రావిన్స్‌లోని చ్వాన్‌జౌ గురించి మన భాషలో పెద్దగా ఎవరూ రాయలేదు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మార్కో పోలో జైతూన్ అని రాసింది ఈ ఊరి గురించే. 1292 ప్రాంతంలో ఆయన చైనా వదిలి ఓడెక్కింది కూడా ఇక్కడే. మిరియాలతో అలెగ్జాండ్రియాకి ఒక ఓడ పోతే జైతూన్‌కి వంద వస్తాయన్నాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి వచ్చిన ఇబ్న్ బతూతా ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఇదొకటి, బహుశా ఇదే అన్నిటికంటే పెద్దది అన్నాడు.

అలాంటి ఊరు ఆయన చూసివెళ్ళిన కొద్ది దశాబ్దాలకే విదేశీ వ్యాపారంలో వెనక్కి పోయింది. ఎక్కడ చదివినా ఒకే కారణం కనిపిస్తుంది, నది ఒండ్రు తెచ్చి పోసింది, రేవు పూడిపోయింది అని. నాకది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. నది ఒక్క తరంలో ఊరిని చంపదు కదా. 1357 నుంచి 1366 దాకా అక్కడ జరిగిన యుద్ధం, 1371లో, మంగోలుల తర్వాత వచ్చిన మింగ్ వంశపు చక్రవర్తి సొంత సముద్ర వ్యాపారం మీద పెట్టిన నిషేధం, ఈ రెండే అసలు దెబ్బలని నా వాదన. తెలిసినవాళ్ళు మాట్లాడండి.

ఆటుపోటు:
మంచి చర్చ. నేను రేవుల పనిలో ఉన్నాను, డ్రెడ్జింగ్, అంటే నీటి అడుగున చేరిన మట్టి తవ్వితీసే పని, దాని లెక్కలు చూడటమే నా ఉద్యోగం, అందుకని ఒండ్రుని అంత తేలిగ్గా తీసెయ్యలేను. ఫూజియన్ అంటే దాదాపు అంతా కొండలే. జిన్ నది పొడవు తక్కువ, వాలు ఎక్కువ, వానొస్తే కొండల మట్టంతా తిన్నగా అఖాతంలోకి దిగుతుంది. పైగా వందల ఏళ్ళు ఆ కొండల మీద అడవి కొట్టారు, ఓడలకు కలప కావాలి, పింగాణీ బట్టీలకు కట్టెలు కావాలి, చెరకుకీ తేయాకుకీ నేల కావాలి. ఒక తరంలో చావదన్న మాట నిజమే, కానీ మూడు నాలుగు వందల ఏళ్ళ పాటు కొద్దికొద్దిగా లోతు పోతూ ఉంటే చివర్లో వచ్చే చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది.

ఇంకొకటి. చ్వాన్‌జౌ అంటే ఒకే ఒక్క రేవు కాదు. నగరం నది ఒడ్డున ఉంది, పెద్ద ఓడలు ఆగేది మాత్రం అఖాతంలో హౌజూ, షీహూ లాంటి చోట్ల. దక్షిణాన అన్‌హాయ్ ఉంది. ఒకచోట లోతు తగ్గితే ఇంకోచోట లంగరేసుకునే వీలుండేది. అందుకే అంతకాలం నెగ్గుకొచ్చారు.

పాతనాణెం:
హౌజూ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1974లో అక్కడి బురదలోంచి ఒక ఓడని తవ్వి తీశారు. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు, 9 మీటర్ల పైచిలుకు వెడల్పు. లోపల అడ్డంగా 12 చెక్క గోడలు, అంటే 13 గదులు. ఒక గదికి చిల్లు పడి నీళ్ళొచ్చినా పక్క గదిలోకి పోవు, ఓడ తేలుతూనే ఉంటుంది. అందులో దొరికిన సరుకు చూడండి: సుగంధపు చెక్కలే రెండు వేల కిలోలు దాటాయి, ఇంకా మిరియాలు, వక్కలు, సాంబ్రాణి, పాదరసం, గవ్వలు, తాబేటి చిప్ప. సరుకు ఎవరిదో రాసి కట్టిన చెక్క బిళ్ళలు కూడా దొరికాయి. నాణేలను బట్టి అది 1270ల్లో మునిగిందని లెక్క కట్టారు.

1270లు అన్న మాట మర్చిపోకండి. సరిగ్గా ఆ ఏళ్ళలోనే సాంగ్ రాజ్యం కూలిపోయి మంగోలులు దిగారు. తెచ్చిన సరుకు దించుకోకుండా ఓడని రేవు గుమ్మంలోనే వదిలేశారంటే ఊళ్ళో పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

రమ_విశాఖ:
పడిపోవడం గురించి మాట్లాడే ముందు అసలు ఎలా పైకొచ్చిందో చెప్పండి ఎవరైనా. గ్వాంగ్‌జౌ అంతకుముందు నుంచే పెద్ద రేవు కదా, వ్యాపారం దాన్ని వదిలి ఇక్కడికి ఎందుకొచ్చింది?

కోస్తా_కుర్రాడు:
రమ గారూ, సరైన ప్రశ్న. మొదటి కారణం నేల. ఫూజియన్‌లో ఎనిమిది పాళ్ళు కొండ, ఒక పాలు నీరు, ఒక పాలు పొలం అని అక్కడి వాళ్ళే చెప్పుకుంటారు. వరి పండించి బతికే చోటు కాదు, సముద్రమే దిక్కు.

రెండోది 1087. ఆ ఏడాది సాంగ్ ప్రభుత్వం చ్వాన్‌జౌలో సముద్ర వ్యాపార కార్యాలయం తెరిచింది, మన భాషలో చెప్పాలంటే కస్టమ్స్ ఆఫీసు. అంతకుముందు ఇక్కడి ఓడ విదేశానికి పోవాలన్నా, వచ్చిన సరుకుకి సుంకం కట్టాలన్నా గ్వాంగ్‌జౌ వెళ్ళాల్సిందే. అదంతా గాలి మీద నడిచే ప్రయాణం. చలికాలం ఉత్తరపు గాలికి దక్షిణానికి పోవాలి, ఎండాకాలం నైరుతి గాలికి వెనక్కి రావాలి. కాగితం కోసం పక్క రేవుకి పోతే ఆ సీజన్ పోయినట్టే, ఓడ మీద పెట్టిన డబ్బు ఇంకో ఏడాది ఇరుక్కుపోతుంది. ఆ ఒక్క ఆఫీసు వచ్చేసరికి లెక్క మారిపోయింది.

మూడోది 1127. ఉత్తర చైనా జుర్చెన్‌లనే ఉత్తరాది జాతి చేతికి పోయింది, సాంగ్ కొలువు దక్షిణానికి వచ్చి హాంగ్‌జౌలో స్థిరపడింది. భూమి శిస్తు సగం పోయినట్టే, ఖజానాకి సముద్ర సుంకాలు కావాలి. గ్వాంగ్‌జౌ కంటే చ్వాన్‌జౌ కొత్త రాజధానికి దగ్గర.

శాసనప్రియ:
గాలి మాట వచ్చింది కాబట్టి జియూరి కొండ గురించి చెప్పాలి. చ్వాన్‌జౌకి పడమర ఉన్న చిన్న కొండ అది. ఏటా రెండుసార్లు ఆ ఊరి అధికారులు, కస్టమ్స్ పెద్దలు, ఓడల వాళ్ళు కలిసి అక్కడికెళ్ళి మంచి గాలి కోసం పూజ చేసేవారు, ఓడలు బయల్దేరే కాలంలో ఒకసారి, తిరిగొచ్చే కాలంలో ఒకసారి. పూజయ్యాక ఫలానా రోజున ఫలానా అధికారులం వచ్చాం అని బండ మీద చెక్కించేవారు. అలాంటి రాతలు 1174 నుంచి 1266 వరకు ఉన్నవి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ప్రభుత్వమే కొండెక్కి గాలి కోసం మొక్కిందంటే ఆ సుంకం మీద వాళ్ళు ఎంతగా ఆధారపడ్డారో చూడండి. 1225లో ఆ ఆఫీసు అధికారి జావో రుగ్వా, వచ్చిన వర్తకులని అడిగి ఏ దేశంలో ఏం దొరుకుతుందో రాసిపెట్టాడు. అందులో చోళ దేశం కూడా ఉంది.

చీరాల_చిన్నోడు:
అక్కడ హిందూ దేవాలయం ఉండేదని, అది మన తెలుగు వర్తకులు కట్టిందని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా?

శాసనప్రియ:
ఆలయం నిజం తమ్ముడూ, తెలుగు వర్తకులన్నదానికి మాత్రం ఆధారం లేదు. 1281 నాటి తమిళ శాసనం దొరికింది, చివర్లో ఒక చైనా లిపి పంక్తి కూడా ఉంది. సంబంధ పెరుమాళ్ అనే ఆయన మంగోలు ఖాన్ క్షేమం కోసం శివుణ్ణి ప్రతిష్ఠించినట్టు అందులో ఉంది. శక సంవత్సరం వేసి, చైత్ర మాసం చెప్పి, మన దగ్గర గుళ్ళో చెక్కినట్టే చెక్కారు. కాబట్టి ఆ గౌరవం తమిళ వర్తకులకే ఇవ్వాలి.

ఆలయం పోయింది, రాళ్ళు మిగిలాయి. ఊళ్ళోని కైయువాన్ బౌద్ధాలయం, 686లో మొదలైనది, దాని పెద్ద మందిరం వెనక రెండు పదహారు పలకల స్తంభాలున్నాయి. మింగ్ కాలంలో మరమ్మతు చేసేటప్పుడు పాత శివాలయం రాళ్ళు తెచ్చి వాడుకున్నారు. వాటి మీద నరసింహుడు, గజేంద్ర మోక్షం, రోటికి కట్టేస్తే రెండు మద్ది చెట్లని కూల్చిన కృష్ణుడు, ఇవన్నీ చిన్న చిన్న గుండ్రటి చట్రాల్లో చెక్కి ఉన్నాయి. పని చేసిన చేతులు చైనావేనేమో అనిపిస్తుంది, మొహాలూ బట్టల మడతలూ కొంచెం వేరుగా ఉంటాయి. మన పిల్లలెవరైనా చూడగానే గుర్తుపట్టేస్తారు, అక్కడి భక్తులు మాత్రం బుద్ధుడి గుడి స్తంభంగానే చూస్తూ దాని పక్కనుంచి నడిచిపోతుంటారు.

పాతనాణెం:
అదే ఊళ్ళో 1009లో కట్టిన చింగ్‌జింగ్ మసీదు ఉంది, నల్లసేనపు రాయి ద్వారం. 1310లో షిరాజ్ నుంచి వచ్చిన అహ్మద్ అనే ఆయన బాగుచేయించినట్టు అరబీలో రాసి ఉంది. ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ బిషప్పులు ఉండేవారు, పెరూజియా నుంచి వచ్చిన ఆండ్రూ సమాధి రాయి దొరికింది. దగ్గర్లోనే జిన్‌జియాంగ్‌లో చావో-ఆన్ అనే గుడిలో మానీకేయ మతం స్థాపించిన మాని ప్రవక్త విగ్రహం ఉంది, 1339 నాటిది, ప్రపంచంలో ఆ మతం దాదాపు పూర్తిగా అంతరించింది, విగ్రహం ఇక్కడ నిలిచింది.

ఇప్పుడు కోస్తా_కుర్రాడు వాదనకి వస్తాను. ఇంతమంది పక్కపక్కన బతికిన మాట నిజం, కానీ దాన్ని మరీ తీపి కథ చేయకండి. 1276లో ఏం జరిగిందో చూడండి. పూ షౌగెంగ్ అనే విదేశీ మూలాలున్న పెద్ద వర్తకుడు, కస్టమ్స్ వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. హాంగ్‌జౌ మంగోలులకి పడిపోయాక పారిపోతున్న సాంగ్ కొలువు చ్వాన్‌జౌకి వచ్చింది. సేనాని జాంగ్ షిజియే ఆయన ఓడలనీ సరుకునీ బలవంతంగా లాక్కున్నాడు. దాంతో పూ షౌగెంగ్ కోట తలుపులు మూయించి, ఊళ్ళో ఉన్న సాంగ్ రాజవంశీకులని చంపించి మంగోలుల పక్షం చేరాడు. ఆ రాజవంశీకులు ఊరి ఖర్చు మీద బతుకుతున్న వేలమంది, వాళ్ళని పోషించలేక ఊరి ఖజానా అప్పటికే నీరసించి ఉంది.

రమ_విశాఖ:
అంటే ఓడలు లాక్కుంటే రాజ్యమే మారిపోయిందన్నమాట. వర్తకుడిని రాజు దోచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కోస్తా_కుర్రాడు:
అవును రమ గారూ, నేను చెప్పేది కూడా అక్కడికే వస్తుంది. మంగోలుల కింద ఇంకో ఎనభై ఏళ్ళు రేవు వెలిగింది. 1293లో మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ జావా మీదికి పంపిన దండు కూడా ఇక్కడి నుంచే వెళ్ళింది. తర్వాత యువాన్ పాలన, అంటే మంగోలుల పాలన, సడలిపోయాక 1357లో ఊళ్ళో ఉన్న పర్షియన్ దళాలు తిరగబడి ఊరిని పట్టుకున్నాయి. తొమ్మిది, పదేళ్ళు లోలోపల కొట్లాటలు, చుట్టుపక్కల ఊళ్ళ మీద దాడులు. 1366లో యువాన్ పక్షపు సేనాని చెన్ యూడింగ్ సైన్యం గెలిచాక విదేశీయులని వెతికి వెతికి చంపారు, సమాధులు కూడా తవ్వారు. బతికినవాళ్ళు పల్లెల్లోకి, కొండల్లోకి పారిపోయి పేర్లు మార్చుకున్నారు. సముద్రం అవతల ఎవరికి ఉత్తరం రాయాలో, ఎవరి మాట మీద అప్పు ఇవ్వాలో తెలిసిన కుటుంబాలవి. వాళ్ళు పోయాక రేవులో ఎంత లోతు ఉంటే మాత్రం ఏం లాభం?

ఇంకో అయిదేళ్ళకి, 1371లో, మింగ్ మొదటి చక్రవర్తి ప్రజలెవరూ సొంతంగా సముద్ర వ్యాపారం చేయకూడదన్నాడు. కానుకలు తెచ్చే రాయబారులతో తప్ప వ్యాపారం లేదు. చ్వాన్‌జౌకి మిగిలింది ర్యూక్యూ దీవుల (ఇప్పటి జపాన్‌లోని ఒకినావా వైపు) వాళ్ళు మాత్రమే, 1470ల్లో కస్టమ్స్ ఆఫీసు కూడా ఫూజౌకి తరలిపోయింది.

ఆటుపోటు:
యుద్ధం సంగతి ఒప్పుకుంటాను. నిషేధం మీద మాత్రం ఒక మాట. నిషేధం చైనా మొత్తానికి పెట్టారు, కానీ 1567లో సడలించినప్పుడు లైసెన్సు ఇచ్చిన రేవు చ్వాన్‌జౌ కాదు, జాంగ్‌జౌ దగ్గరి యుయెగాంగ్. తర్వాత షామెన్ పైకొచ్చింది. 1842లో నాన్‌జింగ్ ఒప్పందంతో బ్రిటిష్ వాళ్ళు తెరిపించిన అయిదు రేవుల్లో షామెన్, ఫూజౌ రెండూ ఉన్నాయి, మధ్యలో ఉన్న చ్వాన్‌జౌ లేదు. గేటు తెరిచినా ఓడలు ఇక్కడికి తిరిగి రాలేదంటే లోతు సమస్య ఉన్నట్టే కదా. షామెన్ దీవి, చుట్టూ సహజమైన లోతు ఉంది. ఓడ సైజు పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. నా లెక్కలో ఊరిని పడగొట్టింది మనుషులు, లేవనివ్వనిది ఒండ్రు.

గెలాక్సీ_గ్రానైట్:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, ఇక ఆగలేకపోతున్నా. మాది చీమకుర్తి. మేం పంపే బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ దిమ్మెలు చైనాలో దిగేది షామెన్ రేవులో. అక్కడి నుంచి ట్రక్కుల మీద పోయేది షుయ్‌టౌ అనే ఊరికి, అది చ్వాన్‌జౌ కిందకే వస్తుంది, నాన్‌ఆన్ పరిధి. రోడ్డు పొడుగునా రెండు పక్కలా రాతి యార్డులే, బ్రెజిల్ రాయి, ఇటలీ పాలరాయి, నార్వే రాయి, వాటి మధ్య మన నల్ల రాయి. రాయి కోసే గ్యాంగ్‌సా మిషన్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి, రోడ్డు మీద తెల్లటి రాతి బురద ఎండి పొడిగా లేస్తుంటుంది. దిమ్మెకి నీళ్ళు కొట్టి, ఆ తడి ఆరేటప్పుడు పగులు ఉందా లేదా అని వేళ్ళతో తడిమి చూస్తారు అక్కడి కొనుగోలుదార్లు. తడి ఆరిన చోట సన్నటి గీత ఒక్కటి మిగిలిందంటే ధర దిగిపోతుంది, ఎంత మాట్లాడినా ఒప్పుకోరు.

ఒండ్రు గురించి నేను చూసింది చెబుతా. ఆ షుయ్‌టౌ నుంచి అన్‌హాయ్ దాకా అన్‌పింగ్ వంతెన ఉంది, 1138లో మొదలుపెట్టి 1151లో పూర్తి చేశారట. అంతా రాయే, రెండు కిలోమీటర్ల పైన పొడవు. ఒక్కో రాతి దూలం ఎన్ని టన్నులుంటుందో మా వృత్తివాడికి చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. క్రేన్లు లేవు, పోటు నీటి మీద పడవల్లో తెచ్చి, నీరు దిగేటప్పుడు స్తంభాల మీద కూర్చోబెట్టేవారని చెప్పారు. దాన్ని సముద్రపు పాయ మీద కట్టారు. ఇవాళ చూస్తే కింద చెరువు లాంటి నీళ్ళు, చుట్టూ నేల, ఇళ్ళు. అప్పట్లో అన్‌హాయ్ రేవు అంటే ఓడలు ఆగిన చోటు. కాబట్టి ఆటుపోటు గారి మాట కొట్టిపారెయ్యలేం.

శాసనప్రియ:
రాతి పని మాట వచ్చింది కాబట్టి ల్వోయాంగ్ వంతెన కూడా చెప్పుకోవాలి. 1053 నుంచి 1059 వరకు చాయ్ షియాంగ్ అనే అధికారి ఉన్నప్పుడు కట్టారు. నది సముద్రంలో కలిసే చోట, అలలకీ ప్రవాహానికీ మధ్య పునాది నిలవాలి. అడుగున రాళ్ళు గుట్టగా పోసి, వాటి మీద ఆలుచిప్పలు పెంచారు. ఆ జీవాలు పెరుగుతూ రాళ్ళని ఒకదానికొకటి అతికించేశాయి, సిమెంటు చేసే పని అవి చేశాయి. తర్వాత అక్కడ వాటిని ఏరకూడదని కట్టడి చేశారు.

గ్రానైట్ అన్నా, మీరు మాట్లాడింది చదివాక నాకు మోటుపల్లి గుర్తొచ్చింది, మీ చీమకుర్తికి ఎంతో దూరం కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడి వీరభద్రాలయంలో వేయించిన అభయ శాసనం. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పూర్వపు రాజులు లాక్కునేవారు, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రం దాటి వచ్చేవాళ్ళ దగ్గర మేము సుంకం తప్ప ఏదీ తీసుకోము అని మాటిచ్చాడు. సుంకాల పట్టికలో చీనా కర్పూరం ఉంది, పట్టు ఉంది, పగడాలు, ముత్యాలు ఉన్నాయి. మార్కో పోలో జైతూన్‌నీ రాశాడు, మోటుపల్లినీ రాశాడు. రమ గారు ఇందాక అడిగిన ప్రశ్నకి మన రాజు చెప్పిన జవాబు అది. చ్వాన్‌జౌలో జాంగ్ షిజియే ఓడలు లాక్కోవడానికి ముప్ఫై రెండేళ్ళ ముందే.

చీరాల_చిన్నోడు:
అక్కా, మోటుపల్లి మాకు పక్క ఊరే! ఇప్పుడు బాపట్ల జిల్లా. గుడి చూశాను గానీ ఆ స్తంభం మీద ఇంత రాసి ఉందని మాకు స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు. సముద్రం కూడా ఇప్పుడు ఊరికి కాస్త దూరంగానే ఉంటుంది.

పాతనాణెం:
ఇంకో సంగతి చూడండి. కొండవీటి అనవోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మళ్ళీ అభయ శాసనం వేయించాడు. ఆ ఏడాది చ్వాన్‌జౌలో తిరుగుబాటు నడుస్తోంది. ఇక్కడ వర్తకుల్ని రమ్మని పిలుస్తున్న కాలానికి అక్కడ వర్తకుల ఊరు కొట్లాటల్లో ఉంది.

రమ_విశాఖ:
మరి ఊళ్ళో మనుషులు ఏమయ్యారు? రేవు పోతే జనం కూడా పోతారు కదా.

షామెన్_నుంచి:
నేను షామెన్‌లో చదువుతున్నాను, ఇక్కడి స్నేహితుల్లో సగం మంది చ్వాన్‌జౌ వాళ్ళే. రమ గారూ, జనం నిజంగానే పోయారు, కానీ సముద్రం మీదికే పోయారు. నిషేధం ఉన్నప్పుడు దొంగ వ్యాపారం. 1600ల్లో జెంగ్ జిలాంగ్ అన్‌హాయ్‌ని అడ్డాగా పెట్టుకుని పెద్ద నౌకాదళమే నడిపాడు, ఆయన కొడుకు జెంగ్ చెంగ్‌గాంగ్ 1662లో డచ్ వాళ్ళని తైవాన్ నుంచి వెళ్ళగొట్టాడు. ఆయనకి తీరం నుంచి సాయం అందకూడదని మింగ్ తర్వాత వచ్చిన చింగ్ ప్రభుత్వం 1661 నుంచి తీరంలోని జనాన్నంతా లోపలికి తరిమేసింది, ఇళ్ళు కాల్చింది, పడవలు కాల్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ తీరం ఖాళీ. ఆటుపోటు గారూ, దీన్ని కూడా మీ లెక్కలో వేసుకోండి, ఒండ్రు కంటే ఇది తక్కువ దెబ్బ కాదు.

తర్వాత తైవాన్, ఫిలిప్పీన్స్, మలయా, సింగపూర్. ఫిలిప్పీన్స్ చైనీయుల్లో ఎక్కువమంది మూలం ఈ జిల్లాలే. నా రూమ్మేట్ ఇంట్లో వాళ్ళ ముత్తాత మనీలా నుంచి పంపిన ఉత్తరాలు ఇంకా దాచుకున్నారు, డబ్బూ ఉత్తరమూ ఒకే కవరులో వచ్చేవట.

చైనా తలుపులు తెరిచిన 1978 తర్వాత ఆ బయటి చుట్టాల డబ్బూ, ఆర్డర్లూ వెనక్కి రావడం మొదలయ్యాయి. జిన్‌జియాంగ్‌లో ఇళ్ళల్లోనే చెప్పులు, బూట్లు కుట్టేవారు, అవే ఫ్యాక్టరీలయ్యాయి. ఆంటా, 361 డిగ్రీలు, ఎక్స్‌టెప్ అనే బూట్ల కంపెనీలన్నీ ఇక్కడివే. డెహువాలో పింగాణీ, ఆన్షీలో తేయాకు, హుయ్‌ఆన్‌లో రాతి శిల్పం, నాన్‌ఆన్‌లో గ్రానైట్ అన్న గారు చెప్పిన రాయి. రేవు పేరు పెద్దగా వినపడకపోయినా ఇరవై ఏళ్ళకు పైగా ఫూజియన్‌లో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ చ్వాన్‌జౌదే, 2021లో ఫూజౌ దాటింది.

కోస్తా_కుర్రాడు:
ఆ తరిమివేత సంగతి చెప్పినందుకు థ్యాంక్స్, అది ఈ చర్చకి చాలా అవసరం. ఆటుపోటు గారూ, మీరన్న "లేవనివ్వనిది ఒండ్రు" అన్నదానికి నా అభ్యంతరం ఇప్పుడు ఇదే. 1567లో యుయెగాంగ్‌కి లైసెన్సు ఇచ్చింది దాని లోతు చూసి కాదు, అక్కడ అప్పటికే దొంగ వ్యాపారం అదుపు తప్పి ఉంది కాబట్టి దాన్ని సుంకం కిందికి తెచ్చుకుందామని. యుయెగాంగ్ కూడా నది మీదున్న లోతు లేని రేవే, పెద్ద ఓడల్ని పోటు చూసుకుని చిన్న పడవలతో లాక్కుని సముద్రానికి చేర్చేవారు. లోతే ప్రమాణమైతే దానికీ రాకూడదు.

ఆటుపోటు:
ఈ పాయింటు బలమైనదే. యుయెగాంగ్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. 1842 తర్వాత మాత్రం షామెన్‌దే లోతు, అక్కడ నా మాట మీద నేనుంటాను. ఆవిరి ఓడలకి పోటు కోసం ఆగే ఓపిక ఉండదు.

గెలాక్సీ_గ్రానైట్:
వచ్చే మార్చిలో షామెన్ రాతి ప్రదర్శనకి మా వాళ్ళు కొందరు వెళ్తున్నారు. ఒక రోజు మిగిలితే చ్వాన్‌జౌలో ఏం చూడమంటారు? యార్డులు తప్ప ఏమీ చూడకుండా వచ్చేస్తుంటారు అందరూ.

షామెన్_నుంచి:
అన్నా, రైల్లో అయితే అరగంట పైన పడుతుంది. పొద్దున్నే కైయువాన్ గుడికి వెళ్ళండి, ముందు జంట రాతి గోపురాలు కనపడతాయి, అవి చూసుకుని తప్పకుండా పెద్ద మందిరం వెనక్కి వెళ్ళి శాసనప్రియ గారు చెప్పిన స్తంభాలు వెతకండి. 1974 ఓడ కూడా ఆ గుడి ప్రాంగణంలోనే ఒక హాల్లో పెట్టారు. మసీదు అక్కడి నుంచి దగ్గరే. 2021లో యునెస్కో మొత్తం 22 చోట్లని కలిపి గుర్తించింది, ఒక రోజులో అన్నీ అవ్వవు. సాయంత్రం ల్వోయాంగ్ వంతెనకి వెళ్తే ముందే ఆటుపోట్ల సమయం చూసుకోండి, నీరు తీసినప్పుడే స్తంభాల కింద ఆలుచిప్పలు కనపడతాయి.